ఇదీ నీదే

బతుకమ్మ ఆటలో చప్పట్లకు ఒక లెక్క ఉంటుంది. వంగి ఒకటి, లేచి ఒకటి, పక్కకు తిరిగి ఒకటి. సూరత్‌లో, లింబాయత్‌లోని మా గల్లీ ఆడవాళ్లకు ఆ లెక్క నిద్రలో కూడా తప్పదు. 2017లో సద్దుల బతుకమ్మ నాటి రాత్రి నా భార్య చేతులు ఆ లెక్క తప్పాయి. మొదటి పాటకు బాగానే ఆడింది. రెండో పాటకు చప్పుడు తగ్గింది. మూడో పాటలో చేతులు రొమ్ము దాకా లేచి, అక్కడే ఆగి, తడిసిన బట్ట తీగ మీంచి జారినట్టు కిందికి జారిపోయాయి. వలయంలోంచి బయటికొచ్చి అరుగు మీద కూచుంది. ట్యూబులైటు వెలుగులో చూస్తే ఎడమ కన్ను సగం మూసుకుని ఉంది. నిద్రొస్తోందా అని అడిగాను.

"నిద్ర కాదు. రెప్ప నిలుస్తలేదు" అంది.

పక్కనే ఉన్న మా పిన్ని ఆమె తల నిమిరింది. "ఏ జన్మల ఏం పాపం చేసుకున్నవో బిడ్డా" అంది. ప్రేమతోనే అంది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చిన చెయ్యి అది. కానీ ఆ మాట విన్నాక నా భార్య మొహంలో వచ్చిన మార్పు నేను చూశాను. చేతులు పడిపోయినప్పుడు లేని భయం అప్పుడు కనపడింది. ఆ మాటకు జవాబు చెప్పాలని అప్పట్నుంచీ అనుకుంటున్నాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడి మున్సిపాలిటీ వారి తెలుగు బడిలో సైన్సు చెప్పాను. మా నాయన 1970ల్లో సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి సాంచెల మీద బట్ట నేశాడు. పవర్‌లూమును మేం సాంచె అంటాం. నేను దేవుణ్ణి నమ్ముతాను. పద్మశాలీలకు మూలపురుషుడు మార్కండేయుడు. ఆయన కొడుకు భావనారుషి తామరతూడు నారతో దేవతలకు బట్ట నేశాడని మా ఇళ్లలో పిల్లలకు చెబుతాం. కర్మ అన్న మాట నా నోట్లోనూ రోజుకొక్కసారైనా వచ్చేదే. అందువల్ల పిన్ని మాటను తెలియనితనమని పక్కకు నెట్టే దారి నాకు లేదు. అది నా ఇంటి మాట. దానితో నా ఇంట్లో కూచునే తేల్చుకోవాలి.

మొదటి నాలుగు నెలలు ఊరికే తిరిగాం. ఒకచోట కళ్లద్దాలు రాశారు. ఇంకోచోట నరాల బలహీనత అని టానిక్కు ఇచ్చారు. మరోచోట నన్ను బయట కూచోబెట్టి, ఇంట్లో ఏమైనా గొడవలా అని ఆమెను అడిగారు. ఈ జబ్బు పొద్దున దాక్కుంటుంది, పొద్దుగూకాక బయటికొస్తుంది. డాక్టర్లు చూసేదేమో పొద్దున. పొద్దున పది గంటలకు ఆమె కళ్లు నా కళ్లకంటే చురుగ్గా ఉండేవి. రాత్రి జొన్నరొట్టె తింటుంటే మాత్రం సగం నమిలాక దవడ పనిచేసేది కాదు. ఎడమ చేత్తో గడ్డం కింద ఎత్తి పట్టుకుని మిగతా సగం నమిలేది. పిల్లలు చూడకుండా వంటింట్లో గోడవైపు తిరిగి తినేది.

చివరికి ఒక నరాల డాక్టరమ్మ దగ్గర సంగతి తేలింది. ఆమె వయసు మా పెద్దమ్మాయి కంటే నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటుందేమో. రబ్బరు చేతితొడుగులో ఐసుముక్కలు వేసి ముడి కట్టింది. పడిపోయిన రెప్ప మీద దాన్ని ఆనించి గోడగడియారం వైపు చూసింది. రెండు నిమిషాలు. ఐసు కరిగిన నీళ్లు చెంప మీంచి మెడలోకి కారుతున్నాయి, నా భార్య కదలకుండా కూచుంది. తొడుగు తీసేసరికి రెప్ప లేచి ఉంది. నాలుగు నెలలుగా నేను చూడని ఆమె పూర్తి కన్ను, చలికి ఎర్రబడి, నన్ను చూస్తోంది. చూస్తుండగానే మెల్లగా మళ్లీ వాలింది. ఆ రెండు నిమిషాలూ నేను చచ్చేదాకా మరచిపోను. నరం బాగానే ఉంది, రెప్ప బాగానే ఉంది, వాటి మధ్య కబురు మాత్రమే అందడం లేదని పుస్తకం చదవకముందే నాకు ఆ చెంప మీది నీళ్లు చెప్పాయి.

జబ్బు పేరు మయస్థీనియా గ్రావిస్. నరం చివర్న అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఊరుతుంది. దాన్ని అందుకునే గ్రాహకాలు కండరం మీద ఉంటాయి. అందుకుంటే కండరం ముడుచుకుంటుంది, చెయ్యి లేస్తుంది. నా భార్య రక్తంలోని యాంటీబాడీలు ఆ గ్రాహకాలకు అడ్డం పడుతున్నాయి, వాటిని ఉన్నచోటునుంచే పెరికేస్తున్నాయి. వాడినకొద్దీ చెయ్యి బరువెక్కేది అందుకే. చలికి ఆ రసాయనం విరిగిపోవడం నెమ్మదిస్తుంది, కాబట్టి ఉన్న కాసిని గ్రాహకాలకే అది కాసేపు ఎక్కువ అందుతుంది. ఐసు చేసిన పని అదీ.

డాక్టరమ్మ హిందీలో చెప్పింది: బయటినుంచి వచ్చిన శత్రువు ఎవరూ లేరు, మీ ఒంటిని కాపాడే దళమే మీ మీద తిరగబడింది అని. ఆటోలో తిరిగొస్తూ ఉధ్నా దరవాజా దాటేదాకా నా భార్య నోరు విప్పలేదు. తర్వాత అడిగింది.

"నా ఒంటికి నేను పరాయిదాన్నెట్లయిన?"

పిన్నిది ఒక ప్రశ్న, ఆమెది ఒక ప్రశ్న. పిన్ని ప్రశ్నకు పురాణంలో జవాబు వెతికాను, ఆమె ప్రశ్నకు శరీరశాస్త్రంలో. చాలాకాలానికి గానీ రెండోదానికి దొరికిన జవాబే మొదటిదానికీ సరిపోతుందని అర్థం కాలేదు.

రొమ్ముఎముక వెనక, గుండెకు కాస్త పైన, రెండు తమ్మెలుగా ఒక గ్రంథి ఉంటుంది. థైమస్. తెలుగులో బాలగ్రంథి అని కూడా అంటారు. పేరు సరిగ్గా కుదిరింది, ఎందుకంటే అది బాల్యంలోనే బాగా పనిచేస్తుంది. ఈడొచ్చే వయసుకు ఎప్పటికంటే పెద్దగా ఉండి, ఆ తర్వాత కొద్దికొద్దిగా కొవ్వుగా మారిపోతూ వస్తుంది. ఎముకల మూలుగలో పుట్టిన పసికణాలు రక్తంలో కొట్టుకొచ్చి ఇందులో చేరతాయి. బయటికి వెళ్లేటప్పుడు వాటి పేరు టి కణాలు. ఆ టి, థైమస్ లోని మొదటి అక్షరమే. లోపలికి వచ్చి బయటికి పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో జరిగేది నేను ఎనిమిదో తరగతికి ఒక్క వాక్యంలో చెప్పి దాటేసేవాణ్ణి. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ ఒక్క వాక్యం మీద ఒక ఏడాది చెప్పొచ్చు.

పసికణం లోపలికి రాగానే తన జీన్లలో కొన్ని ముక్కలను కత్తిరించి, ఇష్టమొచ్చినట్టు కలిపి, అతుకుతుంది. ఆ అతుకులోంచి దాని గ్రాహకం తయారవుతుంది. ఆ గ్రాహకంతోనే అది జీవితమంతా లోకాన్ని తడిమి చూస్తుంది. యాంటీబాడీల జీన్లలో ఈ అతుకుల పని ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకు సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ ఇచ్చారు. టి కణాలూ అదే దారిలో నడుస్తాయి. ఏ కణానికి ఏ అతుకు పడుతుందో ముందుగా రాసిపెట్టి లేదు. రేపు ఏ క్రిమి వస్తుందో ఒంటికి తెలియదు. వెయ్యేళ్ల తర్వాత పుట్టబోయే క్రిమి కూడా కావచ్చు. తెలియని శత్రువు కోసం తయారు కావాలంటే తోచిన ఆకారాలన్నీ చేసి పెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. అలా చేసినప్పుడు అందులో కొన్ని ఆకారాలు తన గుండెకూ తన కంటికీ తన కండకూ సరిపోయేవి కూడా వచ్చి తీరతాయి.

నా భార్య జబ్బుకు మొదలు ఇక్కడుంది. ఇది ఆమె చేసిన తప్పులో లేదు, ఆమెకు ముందు జన్మ ఉంటే అందులోనూ లేదు. 1994లో సూరత్‌లో ప్లేగు గాలి పీల్చి ఆమె బతికి బయటపడింది, పిల్లలను కన్నది, వానాకాలం మలేరియాలను ఈదింది. అదంతా ఈ ఇష్టమొచ్చిన అతుకుల పుణ్యమే. ఆ శక్తీ ఈ ప్రమాదమూ ఒకే పడుగు మీద నేసినవి. పడుగు తీసేసి బట్ట ఉంచమంటే కుదరదు.

అతుకు పడ్డాక పరీక్షలు మొదలవుతాయి. థైమస్ పైపొరలో మొదటిది. అక్కడి కణాలు తమ ఒంటి గుర్తును, అంటే ప్రతి మనిషికీ తనదైన ఒక ప్రోటీను పళ్లేన్ని, ముందుకు చాపి పట్టుకుంటాయి. పసికణం దాన్ని తాకి గుర్తుపట్టగలగాలి. బొత్తిగా పట్టలేని కణానికి బతకమనే కబురు అందదు. మూడు నాలుగు రోజుల్లో అది తనంతట తానే ముడుచుకుని రాలిపోతుంది. ఎక్కువ కణాలు పోయేది ఇక్కడే. రెండో పరీక్షలో లెక్క తిరగబడుతుంది. తన ఒంటి ముక్కను చూపిస్తే మరీ గట్టిగా పట్టుకున్న కణాన్ని కూడా ఉండనివ్వరు. బొత్తిగా అంటనిదీ వద్దు, మరీ అంటుకుపోయేదీ వద్దు. తేలిగ్గా తాకి వదిలేసేది మాత్రం బయటికి వెళుతుంది. లోపలికి వచ్చిన నూటిలో బయటపడేవి రెండు నుంచి ఐదు.

నన్ను అన్నిటికంటే కదిలించిన విషయం ఇంకొకటి ఉంది. థైమస్ రొమ్ములో ఉంటుంది. ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో, లాలాజలం ఊరేది నోట్లో, చూపు పుట్టేది కంటిలో. రొమ్ములో కూచున్న పసికణానికి కంటి సంగతి ఎలా తెలుస్తుంది? థైమస్ లోపొరలోని కొన్ని కణాల్లో ఎయిర్ అనే జీను పనిచేస్తుంది. దాని పుణ్యాన ఆ కణాలు తమకు ఏ అవసరమూ లేని ఇన్సులిన్‌ను, కంటి ప్రోటీన్లను, ఇంకా ఒంటిలో ఎక్కడెక్కడివో వేలకొద్దీ ప్రోటీన్లను కొంచెం కొంచెం తయారు చేస్తాయి. వాడుకోవడానికి కాదు, చూపించడానికి. సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్లో ఏ దుకాణానికి పోయినా గల్లా పక్కన లావుపాటి పుస్తకం ఒకటి ఉంటుంది. ప్రతి చీర డిజైనులోంచీ బెత్తెడు ముక్క కత్తిరించి అందులో అంటిస్తారు. గోదాములో పదివేల తానులున్నా, ఆ పుస్తకం తిరగేస్తే సరుకంతా చూసినట్టే. థైమస్ దగ్గర అలాంటి పుస్తకం ఉంది, అందులో మనిషంతా ఉన్నాడు. పసికణం ముందు ఒక్కొక్క ముక్కే పెట్టి అది చెబుతుంది: ఇదీ నీదే. ఇదీ నీదే. దీన్ని ముట్టుకోకు.

ఎయిర్ జీను పాడైన పిల్లలు కొందరు పుడతారు. వాళ్ల ఒళ్లు వాళ్ల గ్రంథులనే ఒక్కొక్కటిగా తినేస్తుంది. చిరిగిపోయిన పేజీలో ఏముందో అది తమదని ఆ పిల్లల కణాలకు ఎవరూ చెప్పలేదు.

ఉపనిషత్తులు కాస్తో కూస్తో తెలిసిన మా మిత్రుడొకాయన ఇది విని, 'నేతి నేతి' అన్నది ఇదేగా అన్నాడు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. బృహదారణ్యకంలోని ఆ మాట, ఇది కాదు ఇది కాదు అంటూ ఒంటిని దాటించి ఆత్మ దగ్గరికి తీసుకుపోయేది. థైమస్ ఒంటిని దాటించదు. ఇది అవును, ఇదీ అవును అంటూ కాలి గోటి దాకా లెక్క ఒప్పజెబుతుంది. ఋషి వెతికిన 'నేను' వేరు, ఒళ్లు నేర్చుకునే 'నేను' వేరు. రమణ మహర్షి 'నేనెవరు' పుస్తకం నా దిండు పక్కనే ఉంటుంది, రోజూ కొంత చదువుతాను. ఆ విచారణను నేను తక్కువ చెయ్యడం లేదు. ఒంటి 'నేను' మాత్రం పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదు. నేర్పగా వచ్చింది. నేర్పింది కాబట్టి అందులో తప్పు దొర్లుతుంది. తప్పు దొర్లిన చదువును పాపం అనకూడదు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఈ ఒక్క మాట అనడానికి నాకు హక్కుందనుకుంటాను.

నా భార్య విషయంలో తప్పు ఎక్కడ దొర్లిందో కూడా శాస్త్రానికి కొంత జాడ దొరికింది. థైమస్‌లో కండరంలాంటి కణాలు కొన్ని ఉంటాయి. కండరం మీదుండే ఆ అసిటైల్‌కోలిన్ గ్రాహకమే వాటి మీదా ఉంటుంది. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి థైమస్ వాచి, లోపల యాంటీబాడీలు పుట్టే గూళ్లు కనబడతాయి. 'ఇదీ నీదే' అని చెప్పవలసిన గదిలోనే, 'ఇది శత్రువు' అన్న పాఠం మొదలై ఉంటుందని భావిస్తున్నారు. యాంటీబాడీలను చేసేది బి కణాలైనా, చెయ్యమని ఒప్పుకోలు ఇచ్చేది టి కణమే. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూచున్నాను. మనిషి జీవితంలోనూ ఇలాంటివి జరుగుతాయి. తల్లి ఒడిలో నేర్చుకున్న భయం, గుడి మెట్ల మీద నేర్చుకున్న ద్వేషం.

1994 సెప్టెంబరు గుర్తొస్తుంది. ఆ నెలలో సూరత్‌లో ప్లేగు వచ్చింది. నాలుగైదు రోజుల్లో లక్షలమంది ఊరు వదిలారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. మాకు పెళ్లయి ఏడాది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో మరుగుదొడ్డి తలుపు పక్కన నిలబడి వరంగల్ దాకా వెళ్లాం. ఊళ్లో బస్సు దిగితే, వారం దాకా పొలిమేర బడిలో ఉండమన్నారు. నన్ను కన్న తల్లి అన్నం గిన్నె పదడుగుల దూరంలో పెట్టి, వెనక్కి నడిచి, అక్కడ నిలబడి ఏడ్చింది. ఆమె తప్పు ఏమీ లేదు. ఊరి తప్పూ లేదు, భయపడినవాళ్లు చెయ్యదగ్గదే చేశారు. కానీ ఆ వారంలో ఒక మాట చాలాసార్లు విన్నాను: సూరత్‌లో పాపం పండింది, డబ్బుకు ఎగబడ్డ ఊరు కాబట్టి దేవుడు చూపించాడు. ఇక్కడ సూరత్‌లోనేమో, బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే రోగం తెచ్చారన్న గొణుగుడు. రెండుచోట్లా మేం పరాయివాళ్లమే అయ్యాం.

మరుసటి ఏడాది ఎస్.ఆర్.రావు మున్సిపల్ కమిషనరుగా వచ్చారు. ఆయన ఎవరి పాపాల లెక్కా తియ్యలేదు. చెత్త ఎత్తించారు, మురికికాల్వలు తవ్వించారు, అధికారులను రోజూ వీధుల్లో తిప్పారు. రెండేళ్లు తిరక్కుండా దేశంలో చండీగఢ్ తర్వాత రెండో పరిశుభ్రమైన నగరంగా సూరత్ పేరు వినబడింది. మా గల్లీలో చెత్తబండి గంట మోగినప్పుడల్లా నేను ఒక్క క్షణం ఆగేవాణ్ణి. ఆ గంట నాకు హారతి గంట లాగే వినబడేది.

పాపం అనే మాటతో ఎవరినో ఒకరిని పట్టించడం ఎంత తేలికో థైమస్ చరిత్రలోనే ఉంది. వెనకటి రోజుల్లో వైద్య కళాశాలల్లో కోసి చూసిన శవాలు ఎక్కువగా పేదలవి. ఆకలితోనో దీర్ఘరోగంతోనో చనిపోయినవాళ్ల థైమస్ కుంచించుకుపోయి ఉంటుంది. ఆ కుంచించుకుపోయిందే మామూలు కొలత అనుకున్నారు. నిద్రలో హఠాత్తుగా పోయిన బలమైన పసిపిల్లల్లో పెద్ద థైమస్ చూసి, అదే పిల్లల ఊపిరి ఆపిందని తీర్పు చెప్పారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో, ముఖ్యంగా అమెరికాలో, వేలమంది ఆరోగ్యవంతులైన పిల్లల రొమ్ము మీద ఎక్స్‌రేలు పెట్టి థైమస్‌ను కుదించారు. ఆ పిల్లల్లో తర్వాత థైరాయిడ్ క్యాన్సర్లు వచ్చాయి. 1950లో వైద్యులు ఆ లంకెను మొదటిసారి రాశారు. పేదవాడి ఆకలి కొలబద్ద కావడం, నిర్దోషి గ్రంథి దోషి కావడం, దానికి పసిపిల్లలకు శిక్ష పడటం. ఇది చదివినప్పుడు నాకు కలిగిన కోపం ఇంకా చల్లారలేదు.

1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అనే యువకుడు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లోంచి థైమస్ తీసి చూసేదాకా ఈ గ్రంథి దేనికో లోకానికి తెలియదు. ఆ పిల్లలు క్రిములకు తట్టుకోలేక చిక్కి చనిపోయాయి. మరో జాతి జంతువు చర్మం అతికించినా వాటి ఒళ్లు కాదనలేదు. తనది ఏదో తెలియనివాడికి పరాయిది ఏదో కూడా తెలియదు. చిన్నప్పుడు మిల్లర్ అక్క క్షయతో చనిపోయింది. ఆయన ఈ దారిలోకి వచ్చింది ఆ దుఃఖంతోనే. రెండేళ్ల తర్వాత కూడా పీటర్ మెడవర్ అంతటి నోబెల్ గ్రహీత, థైమస్‌లో తెల్లరక్తకణాలు ఉండటం పరిణామంలో జరిగిన కాకతాళీయమనీ పెద్ద అర్థం లేదనీ అన్నాడు.

మా నాయన పనిచేసిన సాంచెల ఖాతా యజమాని సేఠ్ గారు జైనులు. ఇప్పుడు బాగా పెద్దవారు. ఏటా సంవత్సరి నాడు ఫోన్ చేసి 'మిచ్ఛామి దుక్కడం' అని మా ఇంటిల్లిపాదినీ క్షమాపణ అడుగుతారు. పాతకాలపు యూరపు యాత్రికులు ఆశ్చర్యపోయి రాసుకున్న పాంజ్రాపోల్ ఉన్న ఊరు ఇది. ముసలి ఎడ్లకూ పక్షులకూ ఆసుపత్రి. ఆ సంప్రదాయంలో పెరిగిన మనిషికి థైమస్ సంగతి చెబితే ఆయన నొచ్చుకున్నారు. "మాస్టర్జీ, నూటికి తొంభై ఐదు చస్తాయా? నా రొమ్ములోనా? ఏ తప్పూ చెయ్యకముందే?" అని అడిగారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎవరికీ హాని చెయ్యని కణాన్ని, రేపు చేస్తుందేమోనని ఈరోజే చంపడం న్యాయమా? దేవుడు చేసిన ఏర్పాటైతే ఇంత క్రూరమైన ఏర్పాటా? నాకు తోచింది ఆయనకు చెప్పాను. అక్కడ ఎవరూ ఎవరినీ నరకరు. కణం తన లోపలి పనిముట్లతో తనను తానే మడిచిపెట్టుకుంటుంది. పక్కనున్న భక్షక కణాలు ఆ మూటను మింగి, పనికొచ్చే సరుకును మళ్లీ ఒంటికి ఇచ్చేస్తాయి. వాపు ఉండదు, చీము ఉండదు, గాయం ఉండదు. పసిపిల్లల రొమ్ములో రోజూ లెక్కలేనన్ని కణాలు పోతుంటే పిల్ల నవ్వుతూ ఆడుకుంటుంది. సేఠ్ గారు చాలాసేపు ఆలోచించి, తమ శాస్త్రంలో ద్రవ్యహింస వేరు, భావహింస వేరు అన్నారు. ప్రాణం పోవడం ఒకటి, పోగొట్టాలన్న తలంపు ఒకటి. తలంపు ఉన్నచోటే కర్మ గట్టిగా అంటుకుంటుందట. "థైమస్‌కు తలంపు లేదు కదా" అన్నారు. ఆ తర్వాత ఆయనే మెల్లగా అన్నారు: "మీ ఇంటావిడ యాంటీబాడీలకూ లేదు."

నాకు కావలసిన మాట ఒక జైన వృద్ధుడి నోట దొరికింది. కర్మ సిద్ధాంతం లోపల నిలబడే ఆయన ఆ మాట అన్నారు. అప్పుడే మా సొంత కథ కూడా కొత్తగా కనబడింది. మార్కండేయుడికి పదహారేళ్లే ఆయుష్షు. ఆ పిల్లవాడు ఏ పాపం చేశాడు? ఏ పాపమూ చెయ్యలేదు. అయినా గడువు రాగానే యముడు పాశం పట్టుకుని వచ్చాడు. మా మూలపురుషుడి కథే, దోషం లేనివాడి మెడ మీదికి కూడా పాశం వస్తుందని చెబుతుంటే, మేం మాత్రం మంచాన పడ్డ ప్రతి మనిషినీ ఏం పాపం చేశావని అడుగుతున్నాం. కర్మ గతి లోతు తెలియరానిదని గీత అంటుంది. లోతు తెలియనప్పుడు, ఇంకొకరి ఒంటి మీద దాన్ని చదివి వినిపించే అధికారం ఎవరికీ లేదు. నా కష్టాన్ని నేను నా కర్మ అనుకుని ఓర్చుకోవచ్చు, అది నా ప్రార్థన. అదే మాట పక్కవాళ్ల కష్టం గురించి అంటే నింద. అక్షరం మారదు, నోరు మారుతుంది.

2018లో నా భార్య థైమస్ తీసేశారు. గడ్డ ఏమీ లేకపోయినా ఈ జబ్బులో థైమస్ తీస్తే మేలు జరుగుతుందని రుజువు చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు అంతకు రెండేళ్ల ముందే, 2016లో వచ్చాయి. నూట ఇరవై ఆరుగురు రోగులను మూడేళ్లు గమనించి చేసిన పని అది. సర్జన్ నన్ను పిలిచి స్టీలు గిన్నె చూపించాడు. పసుపుపచ్చగా, వెన్నముద్దను రెండుగా చీల్చినట్టు, మెత్తగా, అక్కడక్కడా గులాబీ రంగుతో. అరచేతిలో పట్టేంత. నలభై నాలుగేళ్ల కిందట ఆమెకు ఆమెను నేర్పిన గురువు అది. నేను తెలియకుండానే చేతులు జోడించాను. సర్జన్ ఏమీ అనలేదు, గిన్నె మీద గుడ్డ కప్పాడు.

అది లేకుండా ఎలా బతుకుతానని తెలివి రాగానే ఆమె అడిగింది. చిన్నప్పుడు బయటికి పంపిన కణాలు ఒళ్లంతా తిరుగుతూనే ఉంటాయని చెప్పాను. వాటిలో కొన్ని కాపలాదారుల మీద కాపలా కాస్తాయి. థైమస్ పరీక్షలను తప్పించుకుని బయటపడిన ఆవేశపరులను ఇవి ఆపుతాయి. జపాన్‌లో షిమొన్ సకగుచి ఈ నియంత్రక టి కణాలను 1995లో గుర్తించారు. పుట్టిన మూడో రోజు థైమస్ తీసేస్తే ఎలుకల ఒళ్లు తన మీద తానే ఎందుకు తిరగబడుతుందన్న ప్రశ్నతో ఆయన పని మొదలైంది. 2025 నోబెల్ ఆయనకూ, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకూ వచ్చిందని చదివిన రోజు నేను పేపరు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. ఆమె పప్పు కడుగుతోంది. అంతా విని, "అయితే నా లోపట నన్ను కాపాడేటోళ్లు కూడ ఉన్నరన్నట్టు" అంది.

ఆపరేషన్ తర్వాత వెంటనే ఏమీ మారలేదు. రెండో ఏడాదికి స్టెరాయిడ్ మోతాదు సగమైంది. పిరిడోస్టిగ్మిన్ మాత్ర ఇప్పటికీ రోజుకు మూడుసార్లు వేసుకుంటుంది. వర్షాకాలంలో జలుబు చేస్తే రెప్ప మళ్లీ బరువెక్కుతుంది. రొట్టె ఇప్పుడు గోడవైపు తిరగకుండా అందరితో కూచుని తింటోంది.

పోయిన బతుకమ్మకు లింబాయత్‌లో గునుగు పూలు దొరకలేదు, బంతిపూలతోనే పేర్చారు. నా భార్య నాలుగింటికే మాత్ర వేసుకునే ఏర్పాటు చేసుకుంది. రెండు పాటలు ఆడింది. మూడోది మొదలవుతుంటే వలయంలోంచి ఒక చెయ్యి ఆమె మోచేతిని పట్టుకుంది. పిన్నికి ఇప్పుడు ఎనభై దాటాయి, చూపు సరిగ్గా ఆనదు, అయినా ఆమె రెప్పల వైపు వంగి చూస్తోంది.

"గోలీ ఏసుకున్నవా బిడ్డా?" అని అడిగింది.